వంతల్లో ఒకడిది రాజకీయమే

బుర్రకథ చూసినవాళ్లకు ఆ ముగ్గురూ గుర్తుంటారు. మధ్యలో తంబుర భుజాన పెట్టుకుని, వేలికి అందెలు తొడుక్కుని, ముందుకూ వెనక్కూ అడుగులు వేసే కథకుడు. అటొకరు ఇటొకరు డక్కీలు వాయిస్తూ "తందాన తాన" అందుకునే వంతలు. ఆ వంతల్లో ఒకడిది హాస్యం. రెండోవాడిది రాజకీయం. అతని పాత్రకు పేరే అది. నడిచేది పల్నాటి కథయినా బొబ్బిలి కథయినా సరే, మధ్యలో ఆపి ఇవాళ్టి ధరల మీదికి, ఇవాళ్టి సర్కారు మీదికి మాట మళ్లించడం అతని పని. రాజకీయం మాట్లాడటానికి ఏకంగా ఒక మనిషినే పెట్టుకున్న కళ ఇది.

అలాంటి చోట "పాటలు పాడేవాళ్లకు రాజకీయాలెందుకు" అనే ప్రశ్న ఎన్నికలొచ్చిన ప్రతిసారీ కొత్తగా పుడుతూ ఉంటుంది. గాయకుడో, సంగీత దర్శకుడో, గీత రచయితో ఒక మాట అన్నాడంటే చాలు, "హాయిగా పాటలు పాడుకోక నీకెందుకివన్నీ" అని కింద వందల కామెంట్లు. ఆ కామెంట్లను కాసేపు ఓపిగ్గా చదివితే ఒక సంగతి బయటపడుతుంది. ఆ సలహా ఇచ్చేది ఆ అభిప్రాయం నచ్చనివాళ్లే. నచ్చినవాళ్లు "ధైర్యంగా మాట్లాడారు" అంటారు. రేపు అదే గాయకుడు అటుపక్క మాట్లాడితే కామెంట్లు అవే ఉంటాయి, రాసేవాళ్లు మారతారు. అంటే అభిమాని అభ్యంతరం రాజకీయం మీద కాదు, పక్షం మీద. అయితే పాటగాడు నోరు విప్పాలా మూసుకోవాలా అన్నది తేల్చేది ఈ కామెంట్లు కూడా కాదు. పాటకూ వినేవాడికీ మధ్య మైకు ఎవరి చేతిలో ఉందో వాళ్లు తేలుస్తారు.

1943లో కమ్యూనిస్టుల సాంస్కృతిక సంఘం ప్రజానాట్యమండలి మొదలైంది. షేక్ నాజర్ బుర్రకథతో ఊళ్లకు ఊళ్లు కదిలాయి. నాజర్‌ని "నీకెందుకయ్యా రాజకీయాలు" అని అడిగింది కింద చాపల మీద కూర్చున్న జనం కాదు. బుర్రకథను నిషేధించిన ఆనాటి మద్రాసు ప్రభుత్వం. నలభై ఏళ్లు దాటాక, 1986లో, అదే బుర్రకథకు ఆయనకు పద్మశ్రీ ఇచ్చిందీ ప్రభుత్వమే. పాటలో పదును తగ్గిందని కాదు, అది గుచ్చుకునే కాలం దాటిపోయింది.

గద్దర్ దగ్గరికి వచ్చేసరికి కథ ఇంత సాఫీగా ఉండదు.

తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు కెనరా బ్యాంకులో గుమస్తా. ఉద్యోగం వదిలి, నక్సలైట్ల సాంస్కృతిక దళం జననాట్యమండలి పాటగా మారి, 1985లో కారంచేడు దళితుల ఊచకోత తర్వాత అజ్ఞాతంలోకి వెళ్లాడు. 1990లో బయటికొచ్చి హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంలో పాడితే ఇసకేస్తే రాలనంత జనం వచ్చారు. 1997 ఏప్రిల్ 6న అల్వాల్‌లో ఇంటి దగ్గరే గుర్తు తెలియని వ్యక్తులు కాల్పులు జరిపారు. ఒక తూటా వెన్నులోనే ఉండిపోయింది. భుజాన గొంగడి, కాలికి గజ్జె, చేతిలో కర్ర, ఒంట్లో తూటా. ఈ రూపం ఒక తరం కళ్లలో ముద్ర పడిపోయింది.

ఎన్నికల బహిష్కరణ పాటలు పాడిన మనిషి 2018 డిసెంబర్‌లో తొలిసారి ఓటేశాడు. అంతకుముందే గుళ్లకు వెళ్లాడు. రాహుల్ గాంధీని కలిశాడు. 2023 జులైలో ఖమ్మం కాంగ్రెస్ సభ వేదిక మీద రాహుల్‌ని ముద్దు పెట్టుకున్నాడు. అంతకు కొద్ది రోజుల ముందే సొంత పార్టీ ప్రకటించాడు. పాత సహచరులకు ఇది మింగుడు పడలేదు. వాళ్ల బాధ అర్థం చేసుకోదగ్గదే. వాళ్లకు ఆ పాట వినడానికి కాదు, నడవడానికి. పాట విని అడవికి పోయినవాళ్లు, పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. అలాంటివాళ్లకు పాడినవాడు దారి మార్చుకోవడం ఒక అభిప్రాయం మార్చుకోవడం లాంటిది కాదు.

కానీ పాటను పాటగా విన్న మామూలు జనం వేరేలా స్పందించారు. 2023 ఆగస్టు 6న గద్దర్ చనిపోతే ఎల్బీ స్టేడియంలో వరసలు కట్టినవాళ్లలో అన్ని జెండాలవాళ్లూ ఉన్నారు. జీవితమంతా ఏ రాజ్యం మీద పాడాడో ఆ రాజ్యమే పోలీసు లాంఛనాలతో సాగనంపింది. దాన్ని తప్పుపట్టినవాళ్లు అటూ ఇటూ ఉన్నారు. నక్సలైట్ల చేతిలో చనిపోయిన పోలీసుల సంగతేమిటని కొందరు, ఈ లాంఛనాలు ఆయన పాటకే అవమానమని మరికొందరు. 2025 జనవరిలో పద్మ పురస్కారాల జాబితాలో ఆయన పేరు లేకపోవడం మీద మళ్లీ రగడ. బీజేపీ కార్యకర్తల ప్రాణాలు తీసిన భావజాలానికి పాడినవాడికి పద్మ ఎలా ఇస్తామని కేంద్రమంత్రి బండి సంజయ్ అన్నారు. మరోపక్క రాష్ట్ర ప్రభుత్వం సినిమా అవార్డులకు నంది తీసేసి గద్దర్ పేరు పెట్టి, అదే ఏడాది జూన్‌లో తొలిసారి అందజేసింది. మల్లెతీగ పాటకు వచ్చిన నంది అవార్డును ఒకప్పుడు వద్దన్న మనిషి పేరు మీద! ఈ వరసలో ఎవరూ ఆయన రాజకీయం మాట్లాడకుండా ఉండాల్సిందని మాత్రం అనలేదు. ఆ రాజకీయం తీసేస్తే గద్దర్ ఎవరో వాళ్లకూ తెలియదు కాబట్టి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. గద్దర్‌కు మైకు ఇచ్చే మధ్యవర్తి ఎవరూ లేరు. క్యాసెట్లు చేతులు మారాయి, సభలు మైదానాల్లో జరిగాయి. అందుకే ఆయన నోరు మూయించాలంటే తుపాకీ కావాల్సి వచ్చింది. 1999లో భువనగిరిలో తెలంగాణ పాట పాడిన బెల్లి లలితను చంపి ముక్కలు చేశారు. జనంతో నేరుగా మాట్లాడే పాటగాడికి ప్రమాదం అలాంటిది. మధ్యవర్తి ఉన్నచోట అంత దూరం పోనక్కర్లేదు. పాట వేయడం ఆపేస్తే చాలు.

దీనికి బాగా పనికొచ్చే ఉదాహరణ అమెరికాలో ఉంది. 2003 మార్చి 10. ఇరాక్ మీద యుద్ధానికి ఇంకో పదిరోజులు కూడా లేదు. టెక్సస్‌కు చెందిన డిక్సీ చిక్స్ అనే ముగ్గురు అమ్మాయిల కంట్రీ (అమెరికా పల్లె బాణీల సంగీతం) బృందం లండన్‌లో కచేరీ చేస్తోంది. గాయని నటాలీ మెయిన్స్ పాటకూ పాటకూ మధ్య ఒక మాట అంది: అమెరికా అధ్యక్షుడు మా టెక్సస్‌వాడే అని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. హాల్లో చప్పట్లు కొట్టారు. ఒక బ్రిటిష్ పత్రిక ఆ వాక్యాన్ని సమీక్షలో వేసింది. అది అట్లాంటిక్ దాటేసరికి అమెరికాలో నిప్పు రాజుకుంది. కంట్రీ సంగీతం వినేవాళ్లలో ఎక్కువమంది యుద్ధాన్ని సమర్థించేవాళ్లే. లూసియానాలో వాళ్ల సీడీలను ట్రాక్టరుతో తొక్కించారు. హిట్ పాటలకు ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ జాబితాలో పదో స్థానంలో ఉన్న వాళ్ల పాట ఒక్క వారంలో 43కు జారిపోయింది. మెయిన్స్ క్షమాపణ చెప్పినా వేడి తగ్గలేదు.

ఇంతవరకూ అందరూ చెప్పేదే. అసలు విషయం దీని వెనక ఉంది. 1996లో అమెరికా టెలికాం చట్టం ఒక కంపెనీ దేశం మొత్తం మీద ఇన్ని రేడియో స్టేషన్లకు మించి కొనకూడదన్న పరిమితి ఎత్తేసింది. ఆ తర్వాత స్టేషన్లు గంపగుత్తగా చేతులు మారాయి. డిక్సీ చిక్స్ గొడవ వచ్చేసరికి క్యుములస్ మీడియా అనే ఒక్క సంస్థ చేతిలోనే 42 కంట్రీ స్టేషన్లున్నాయి. పై నుంచి ఒక్క ఆదేశంతో అన్నింటిలోనూ ఆ బృందం పాటలు ఆగిపోయాయి. జులైలో సెనేట్ కమిటీ దీని మీద విచారణ పెట్టింది. కమిటీ అధ్యక్షుడు జాన్ మెకెయిన్. యుద్ధాన్ని గట్టిగా సమర్థించిన మనిషే. అయినా ఒక స్టేషన్ తన శ్రోతలు వద్దన్నారని పాట ఆపడం వేరు, కార్పొరేట్ ఆఫీసు అన్ని స్టేషన్లనూ ఆపమనడం వేరు అన్న తేడా ఆయన పట్టుకున్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో అన్నింటికన్నా తెలివైన ప్రశ్న అదే.

టికెట్ కొన్న అభిమాని ఏం చేశాడు? మే 1న సౌత్ కరోలినాలోని గ్రీన్‌విల్‌లో అమెరికా యాత్ర తొలి కచేరీ. "తిట్టడానికి వచ్చినవాళ్లుంటే ఇప్పుడే తిట్టేయండి, పదిహేను సెకన్లు ఇస్తున్నా" అంది మెయిన్స్. హాలంతా కేరింతలు. తిట్లు వినపడలేదు. అలాగని అభిమానులంతా క్షమించారనడానికీ లేదు. 2006 యాత్రలో దక్షిణాది ఊళ్లలో టికెట్లు అమ్ముడుపోక కొన్ని కచేరీలు రద్దయ్యాయి. 2007లో వాళ్లకు ఐదు గ్రామీలు వచ్చాయి గానీ కంట్రీ రేడియోలో పాత స్థానం మాత్రం రాలేదు. కొత్త శ్రోతలు దొరికారు, పాత మైకు పోయింది.

తెలుగు సినిమాలో ఈ గొడవ ఎందుకు రాదు? ఎందుకంటే గాయకుడికి సొంత అభిమాని దాదాపు ఉండడు. తెర మీద పెదవి కదిపేది హీరో. ఫ్లెక్సీలు కట్టేది హీరోకి. ఆడియో ఫంక్షన్లో అరుపులు హీరో పేరుతో. పాడినవాడు, కట్టినవాడు, రాసినవాడు ఆ హీరో ఇంటికొచ్చిన చుట్టాల్లాంటివాళ్లు. ఇవాళ ఒక పార్టీ అభిమానుల హీరోకి, రేపు ఇంకో పార్టీ అభిమానుల హీరోకి పనిచేయాల్సినవాడు నోరు విప్పడు. అది పిరికితనమని తీసిపారేయడం తేలిక. కానీ పని ఎవరి చేతిలో ఉందో వాడికి తెలుసు.

విప్పితే ఏమవుతుందో 2025 జనవరి 5న గన్నవరం దగ్గర కేసరపల్లిలో కనిపించింది. దేవాలయాలకు ప్రభుత్వ పెత్తనం నుంచి విముక్తి కావాలని విశ్వహిందూ పరిషత్ పెట్టిన హైందవ శంఖారావం సభలో గీత రచయిత అనంత శ్రీరామ్ మాట్లాడారు. సినిమాల్లో పురాణాలను వక్రీకరిస్తున్నారంటూ, కర్ణుడిని హీరోగా చూపించడాన్ని తప్పుపట్టారు. అంతే, దేవాదాయ చట్టం గురించి చర్చ పక్కకు పోయింది. కర్ణుడు గొప్పా అర్జునుడు గొప్పా, ఏ సినిమాను అన్నారు, ఏ హీరోకి తగిలింది అన్నదే మిగిలింది. సభ ఏమిటో, ఆయన చెప్పదలచింది ఏమిటో చాలామందికి ఇప్పటికీ గుర్తుండదు.

నోరు విప్పకపోయినా తప్పించుకోలేమని కీరవాణికి 2024లో తెలిసింది. అందెశ్రీ రాసిన 'జయ జయహే తెలంగాణ' గీతానికి ఆయన బాణీ కడుతున్నారనగానే, ఆంధ్ర సంగీత దర్శకుడితో తెలంగాణ గీతం ఏమిటని తెలంగాణ సినీ మ్యుజీషియన్ల సంఘం ముఖ్యమంత్రికి లేఖ రాసింది. ఆయన ఒక్క రాజకీయ వాక్యం మాట్లాడలేదు. పుట్టిన ఊరు కొవ్వూరు కావడమే ఆయన అభిప్రాయమైపోయింది. ఏడాది ముందు ఆయన ఆస్కార్ అందుకుంటే రెండు రాష్ట్రాలూ "మనవాడు" అని పండగ చేసుకున్నాయి. ఆ 'నాటు నాటు' పాట 2024లో ఇంకో వింత చేసింది. కమలా హారిస్ కోసం భారతీయ అమెరికన్ల ప్రచారంలో 'నాచో నాచో'గా మారిపోయింది.

కచేరీ సంగీతంలో మైకు సభల చేతిలో, అంటే కచేరీలు పెట్టే సంస్థల చేతిలో ఉంటుంది. అక్కడి గొడవ తెలుగువాళ్లకు దూరపుదేం కాదు. కర్ణాటక సంగీత కచేరీలో వినపడేది ఎక్కువగా తెలుగే. 2024 మార్చిలో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ గాయకుడు టి.ఎం. కృష్ణకు తన అత్యున్నత పురస్కారం సంగీత కళానిధి ప్రకటించింది. కులం గురించి, కర్ణాటక సంగీతం మీద బ్రాహ్మణ పెత్తనం గురించి ఏళ్లుగా మాట్లాడుతున్న మనిషి ఆయన. గాయనీమణులు రంజని-గాయత్రి ఆ ఏడాది అకాడమీ సభల నుంచి తప్పుకుంటున్నామని ప్రకటించారు. త్యాగరాజును, ఎం.ఎస్. సుబ్బులక్ష్మిని కృష్ణ కించపరిచారని, ద్రావిడ ఉద్యమ నాయకుడు పెరియార్‌ను కీర్తించారని వాళ్ల ఆరోపణ. మరికొందరు వాళ్ల బాటే పట్టారు. చిత్రవీణ రవికిరణ్ తన కళానిధిని వాపసు చేశారు. సుబ్బులక్ష్మి మనవడు కోర్టుకెళ్లారు. ఆమె పేరిట ఇచ్చే నగదు పురస్కారం విషయంలో, కృష్ణను దాని గ్రహీతగా గుర్తించొద్దని డిసెంబర్ 16న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. సంగీత కళానిధి మాత్రం 2025 జనవరి 1న అందింది.

ఈ రగడలో తిరగబడింది శ్రోతలు కాదు, తోటి విద్వాంసులు. డిసెంబర్ 25న అకాడమీలో కృష్ణ పాడితే హాలు నిండింది. వచ్చినవాళ్లందరూ ఆయన మాటలతో ఏకీభవించి ఉంటారా? అనుమానమే. ఆ గొంతులో తోడి రాగం వినడానికి ఆయన వ్యాసాలు ఒప్పుకోనక్కర్లేదని వాళ్లకు తెలుసు. ఇదంతా కుదిరింది అకాడమీ నిర్ణయం మార్చుకోకుండా నిలబడింది కాబట్టి. 2018 నవంబర్‌లో ఢిల్లీలో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆయన కచేరీని ట్రోలింగ్ మొదలవగానే వాయిదా వేసుకుంది. అప్పుడు ఢిల్లీ ప్రభుత్వం వేరేచోట వేదిక ఇచ్చింది. గాయకుడు అతనే, తిట్లూ అవే. మైకు పట్టుకున్నవాడి వెన్నెముకలోనే తేడా.

యూట్యూబ్ వచ్చాక పాటగాడు మళ్లీ జనం దగ్గరికి నేరుగా వెళ్లాడు. దాంతోపాటే ఎన్నికల పాట ఒక పని అయింది. తంబుర పట్టే చేతికి కూలి దొరికింది. 2023లో తెలంగాణలో రేవంత్ రెడ్డి మీద మోగిన మూడు రంగుల జెండా పాట, 2024లో ఆంధ్రాలో జగన్ అజెండా పాట, రెండూ నల్గొండ గద్దర్ అనే మరో గాయకుడి గొంతే. ఇందులో జనం ద్రోహమేమీ చూడలేదు. రెండింటికీ బరాత్‌లలో డ్యాన్సులు వేశారు. బీఆర్ఎస్ రామక్క పాటయితే కాంగ్రెస్ ఇళ్ల పెళ్లిళ్లలోనూ మోగింది. పాట హిట్టవడానికీ ఓటుకీ సంబంధం ఎంతో కూడా అప్పుడే తేలింది. రామక్క ఊపేసిన ఎన్నికల్లో బీఆర్ఎస్‌కు 119లో 39 వచ్చాయి. అజెండా పాట మారుమోగిన చోట వైసీపీకి 175లో 11.

ఇంత ఉదారంగా ఉన్న శ్రోత మంగ్లీ విషయంలో ఎందుకు మొండికేశాడు? అనంతపురం జిల్లా బంజారా కుటుంబం నుంచి వచ్చి, బతుకమ్మ పాటలతో తెలంగాణ ఇళ్లలోకి నడిచిన గాయని ఆమె. 2019లో వైసీపీకి ప్రచార పాటలు పాడారు. ఆ ప్రభుత్వ హయాంలో శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్‌కు సలహాదారు పదవి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో రథసప్తమికి అరసవల్లి వెళ్లి, కేంద్రమంత్రి రామ్మోహన్ నాయుడుతో కలిసి దర్శనం చేసుకున్నారు. టీడీపీ కార్యకర్తలు సోషల్ మీడియాలో తమ నాయకుల మీదే విరుచుకుపడ్డారు. అటు పాడినామెకు మన గుళ్లో ముందు వరసేమిటని. తాను కళాకారిణినని, చాలా పార్టీల నాయకులకు పాడానని, పాటకు పార్టీ రంగు పూయొద్దని ఆమె బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది.

నల్గొండ గద్దర్‌కు లేని తంటా మంగ్లీకి ఎందుకంటే, మధ్యలో ఒక పదవి ఉంది. పాట పాడి డబ్బు తీసుకుంటే జనం దాన్ని కూలి అంటారు. కుర్చీ తీసుకుంటే వాటా అంటారు. కూలికి ఎవరూ అడ్డం చెప్పరు. వాటా తీసుకున్నవాళ్లు మాత్రం ఆ పక్షంతోపాటే గెలవాలి, ఓడాలి. న్యాయమా అంటే పూర్తిగా కాదు. పదవులు పొందిన నాయకులు పార్టీలు మారితే శాలువాలు కప్పే కార్యకర్తలే, పాడిన అమ్మాయి గుడికొస్తే లెక్కలు తీశారు.

తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద గజ్జె కట్టినవాళ్లకు రాష్ట్రం వచ్చాక వేరే దారి తెరుచుకుంది. రసమయి బాలకిషన్ ఎమ్మెల్యే అయ్యారు. గోరటి వెంకన్న, దేశపతి శ్రీనివాస్ ఎమ్మెల్సీలయ్యారు. తెలంగాణ సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు సర్కారు జీతమిచ్చారు. దానికి రసమయే చైర్మన్. పల్లె పల్లెకూ వెళ్లి ప్రభుత్వ పథకాల మీద పాడటం వాళ్ల డ్యూటీ. పేదింటి కళాకారుడికి నెల తిరిగేసరికి జీతం రావడం చిన్న సంగతి కాదు. అంతవరకూ తప్పుపట్టడానికి ఎవరికీ నోరు రాదు. కానీ ఆ 550 గొంతులూ సర్కారును నిలదీసే గొంతులుగా పుట్టాయి.

2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. ఏడాది గడిచేలోపే సాంస్కృతిక సారథికి కొత్త చైర్‌పర్సన్ వచ్చారు. గద్దర్ కూతురు వెన్నెల. అంతకుముందు సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో కాంగ్రెస్ తరఫున పోటీ చేసి ఓడిపోయారు. రైతుబంధు పోయి రైతు భరోసా వచ్చింది, ఆడవాళ్లకు ఉచిత బస్సు వచ్చింది. ఊరి నడుమ అదే డప్పు, అదే గొంగడి. పల్లవిలో పథకం పేరు మారింది.